రెండు తీగలు, ఒకే దారి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళ పండుగలో పూర్వ విద్యార్థిని మాట్లాడమంటే చిన్ననాటి జ్ఞాపకాలు చెప్పటం ఆనవాయితీ. నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆ పనిని నాకంటే చాలా చక్కగా నిర్వహించారు. ఉత్సవ సంఘంవారు నాకు అప్పగించిన పని వేరు. పూర్వ విద్యార్థుల చందాలతో ఈ వేసవిలో పాత రాతి భవనానికీ, కొత్త భవనంలోని కంప్యూటర్ గదికీ మధ్య రెండు ఫైబర్ కేబుళ్ళు వేయించాము. చెరొక భవనంలో ఒక స్విచ్ పెట్టించాము. లెక్కలు సంఘం ముందు పెట్టిన రోజున ఒక పెద్దాయన లేచి, "ఒకటి సరిపోయేచోట రెండెందుకు వేశారు నాయనా?" అని అడిగారు. చందా ఇచ్చిన ప్రతివారికీ ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. సమాధానం నలుగురిలో చెప్పమని సంఘంవారి ఆదేశం. అందుకే నిలబడ్డాను.

ఈ విషయం తెలుగులో చెప్పటం సాధ్యమేనా అని ఒక మిత్రుడు సందేహం వెలిబుచ్చాడు. పదవ తరగతి దాకా ఈ బడిలోనే, ఈ భాషలోనే చదివాను. పనిముట్ల మీద పేర్లు ఇంగ్లీషువే, వాటిని మార్చే ఓపిక నాకు లేదు. స్విచ్‌ను స్విచ్ అనే అంటాను. అయితే అది ఏమి చేస్తుందో నాకు నేను చెప్పుకునేది మాత్రం తెలుగులోనే. మీకూ అలాగే చెబుతాను.

మొదట మన కష్టం గుర్తు చేయాలి. రెండేళ్ళ క్రితం, విద్యార్థి వేతనాల దరఖాస్తులకు ఆఖరి తేదీనాడు, నీళ్ళ గొట్టం కోసం ఆవరణలో కందకం తవ్వారు. గడ్డపార తగిలి రెండు భవనాల మధ్య ఉన్న ఒక్క కేబుల్ తెగింది. ఇంటర్నెట్ వచ్చేది పాత భవనంలోని కార్యాలయానికి. పిల్లలు దరఖాస్తులు నింపే యంత్రాలు కొత్త భవనంలో. సాంచాల మీద ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లులు, తండ్రులు మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని, చివరకు ఊళ్ళోని ఇంటర్నెట్ దుకాణాల ముందు వరుసలు కట్టారు. కొందరి దరఖాస్తులు అందాయి. కొందరివి అందలేదు. ఆ కేబుల్ రాగి తీగది. అటువంటి కేబుల్ 100 మీటర్ల దాకానే నమ్మదగినది. మన రెండు భవనాల మధ్య దూరం 120 మీటర్లు. అందుచేత మెట్ల కింద ఒక చిన్న పెట్టె పెట్టి అక్కడ అతుకు వేశారు. ఆ రోజు తెగింది గడ్డపారతో గనుక అందరికీ తెలిసింది. అంతకు ముందు ఆ అతుకు దగ్గర ఎన్నిసార్లు తెగి అతుక్కున్నదో ఎవరికీ తెలియదు.

ఫైబర్‌లో ప్రయాణించేది వెలుగు. అందుకు ఈ దూరం ఒక లెక్క కాదు. వర్షాకాలపు పిడుగుల విద్యుత్తును ఒక భవనం నుంచి మరొక భవనంలోకి మోసుకుపోయే గుణం కూడా దానికి లేదు. కాబట్టి ఫైబర్ ఎందుకు అన్న ప్రశ్న తేలిక. రెండెందుకు అన్నదే అసలు ప్రశ్న.

స్విచ్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. ఒక కంప్యూటర్ పంపిన సమాచారపు తునకను అందుకుని, దాని మీది చిరునామా చూసి, ఆ చిరునామా ఏ రంధ్రం వైపు ఉన్నదో ఆ రంధ్రం గుండానే పంపే పెట్టె. ఆ తునకను ఫ్రేమ్ అంటారు, రంధ్రాన్ని పోర్ట్ అంటారు. అనేక పోర్టులు గల ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో మొదటగా అమ్మకానికి తెచ్చిన అమెరికా సంస్థ పేరు వినండి: కల్పన. స్థాపకులలో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారతీయ మూలాలు కలిగినవారు. తన భార్య పేరును సంస్థకు పెట్టారు. వారి మొదటి స్విచ్‌కు ఉన్నవి ఏడే పోర్టులు. అనేక తీగలను కట్టకట్టి ఒకే తీగగా వాడుకునే పద్ధతి, అంటే ఈథర్‌ఛానెల్ అనేది, కూడా వారి దగ్గరే పుట్టింది. 1994లో సిస్కో ఆ సంస్థను కొన్నది. ఆ తరువాత తలా ఒక పద్ధతి కాకుండా అందరి పెట్టెలూ ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేటట్లు ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం 2000లో ఒక ప్రమాణం రూపొందించింది. దాని సంఖ్య 802.3ఏడీ. 2008 నుంచి అది 802.1ఏఎక్స్ అనే వేరే సంఖ్య కింద ఉన్నది. దీనినే లింక్ అగ్రిగేషన్ అంటారు. లంకెల జతకూర్పు అని మనం అనుకోవచ్చు గాని, పనిచేసేవారెవ్వరూ అలా అనరు. 'బండిల్' అంటారు, కట్ట అన్నమాట.

రెండు కేబుళ్ళు కొని, రెండు చివరలా గుచ్చితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోకపోవటమే కాదు, ఉన్నది కూడా పోతుంది. కొన్ని ఫ్రేములు ఊరంతటికీ దండోరా వంటివి. 'ఫలానా చిరునామా ఎవరిది?' అని అందరినీ అడుగుతాయి. అటువంటి దానిని స్విచ్ వచ్చిన దారి తప్ప మిగిలిన అన్ని దారులలోకీ పంపుతుంది. రెండు స్విచ్చుల మధ్య రెండు దారులుంటే, మొదటి దారిన వెళ్ళిన దండోరా రెండవ దారిన తిరిగి వస్తుంది, మళ్ళీ మొదటి దారిన పోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఇన్నిసార్లు తిరిగిన తరువాత చావమని చెప్పే లెక్క ఏదీ లేదు. అది తిరుగుతూనే ఉంటుంది. క్షణాలలో ఇటువంటివి వేలకు వేలు పోగై మొత్తం వ్యవస్థ ఊపిరాడక నిలిచిపోతుంది. ఈ ప్రమాదానికి మందుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు స్పానింగ్ ట్రీ అనే ఉపాయం కనిపెట్టారు. ఎక్కువగా ఉన్న దారిని స్విచ్చులే గుర్తించి, తమంతట తాము మూసి ఉంచుతాయి. మొదటిది తెగితే రెండవది తెరుస్తాయి. గొప్ప ఉపాయమే. కాని రోజూ మూసి ఉన్న ఆ రెండవ తీగ నిజంగా బాగున్నదో లేదో మొదటిది తెగిన రోజునే తెలుస్తుంది. పెళ్ళిరోజున తీసి చూసే పట్టుచీర లాంటిది.

కట్ట పద్ధతిలో రెండూ పనిచేస్తూనే ఉంటాయి. రెండు స్విచ్చులూ ఆ రెండు తీగలనూ ఒకే దారిగా లెక్కిస్తాయి గనుక దండోరా తిరిగి రాదు. ఒకటి తెగితే దాని మీద పోతున్నదంతా రెండవదాని మీదికి మళ్ళుతుంది. కేబుల్ తెగి దీపం ఆరినప్పుడు ఈ మార్పు మనిషి గమనించేలోపే జరిగిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. దుకాణాలవారు కూడా దీనిని ప్రోత్సహిస్తారు. ఒక్కొక్క తీగ సెకనుకు ఒక గిగాబిట్ మోస్తే రెండు కలిసి రెండు గిగాబిట్లు మోస్తాయని చెబుతారు. మొత్తం మీద చూస్తే అది నిజమే. ఒక్కరి విషయంలో నిజం కాదు. ఒకే యంత్రం నుంచి మరొక యంత్రానికి ఒక పెద్ద ఫైలు పంపితే అది ఒక్క తీగ మీదనే పోతుంది, రెండవది ఖాళీగా ఉన్నా సరే. కారణం ఉన్నది. ఒక సంభాషణలోని ఫ్రేములు పంపిన వరుసలోనే చేరాలి. రెండు దారులలోకి పంచితే వెనకది ముందు చేరవచ్చు. అందుచేత ప్రతి సంభాషణకూ ఒక తీగను కేటాయించి, దానిని ఆ తీగ మీదనే నడిపిస్తారు.

కేటాయింపు ఎలాగంటే, చిరునామాల మీద ఒక చిన్న లెక్క. తయారీదారును బట్టి ఈ లెక్క మారుతుంది గాని, రెండు తీగల కట్టకు సులువైన రూపం చెబుతాను. పంపేవారి చిరునామా చివరి సంఖ్య, అందుకునేవారి చిరునామా చివరి సంఖ్య చూడండి. రెండూ సరి సంఖ్యలో, రెండూ బేసి సంఖ్యలో అయితే మొదటి తీగ. ఒకటి సరి, ఒకటి బేసి అయితే రెండవ తీగ. ఐదవ తరగతి పిల్లలు చేయగల లెక్క. ఈ సరి బేసిల సంగతి మనసులో ఉంచుకోండి. ఇక చెప్పబోయే కథ అంతా దాని మీదనే నడుస్తుంది.

ఈ కథ నా సొంత తప్పు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక ఆసుపత్రిలో రెండు భవనాలను కలిపే పని నాకు అప్పగించారు. ఒక భవనంలో సర్వర్, రక్తపరీక్షల గది. రెండవ భవనంలో రోగుల వార్డులు. మధ్య రెండు ఫైబర్ కేబుళ్ళు. స్విచ్చులకు ఫైబర్ పెట్టే చోటు లేనందున రెండు చివరలా చిన్న మార్పిడి పెట్టెలు పెట్టాము. అవి వెలుగును రాగి తీగ సంకేతంగా మార్చి స్విచ్‌కు ఇస్తాయి. కట్ట కట్టటానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, రెండు స్విచ్చులూ పరస్పరం మాట్లాడుకుని, ఒప్పందానికి వచ్చి, కట్ట కట్టటం. ఆ భాషను ఎల్ఏసీపీ అంటారు. రెండవది, మాటలేవీ లేకుండా 'ఈ రెండూ ఒకటే అనుకో' అని మనమే ఆజ్ఞాపించటం. రాత్రి పొద్దుపోయింది. ఒక స్విచ్ పాతది, దానితో ఎల్ఏసీపీ కుదిరించటానికి ఇంకొక గంట పట్టేటట్లున్నది. ఆజ్ఞ ఇచ్చేశాను. అన్ని దీపాలూ ఆకుపచ్చగా వెలిగాయి. ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్. రక్తపరీక్షల ఫలితాలు కొన్ని వార్డులలో తెరుచుకుంటున్నాయి, కొన్నిటిలో లేదు. పరుగెత్తాను. స్విచ్చుల దగ్గర చూస్తే నాలుగు దీపాలూ ఆకుపచ్చ. కట్ట బాగున్నట్లే చెబుతున్నది. ఒక యంత్రం దగ్గర కూర్చుంటే చక్కగా పనిచేస్తుంది. పక్క యంత్రం దగ్గర ఏమీ తెరుచుకోదు. సర్వర్‌ను అనుమానించాను. యంత్రాలను అనుమానించాను. పనిచేయని యంత్రాన్ని మార్చి కొత్తది పెట్టి, పాతదాని చిరునామానే దానికి ఇచ్చాను. అదీ పనిచేయలేదు. అప్పుడైనా నాకు తట్టవలసింది, తట్టలేదు. ఈలోగా వార్డు బాయ్‌లు కాగితాల మీద ఫలితాలు రాయించుకుని, ఆ వాన రాత్రి ఒక భవనం నుంచి మరొక భవనానికి పరుగులు తీస్తున్నారు. అత్యవసర విభాగంలో ఒక వైద్యుడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ఏమీ అనలేదాయన.

తెల్లవారుజామున మూడు గంటలకు ఒక నర్సు గారు నా దగ్గరికి వచ్చి, "సార్, ఒకటి, మూడు, ఐదు, ఏడు... ఇవే పనిచేయటం లేదు. రెండు, నాలుగు బాగున్నాయి" అన్నారు. యంత్రాల మీద అతికించిన సంఖ్యలను ఆమె వరుసగా ఒక చీటీ మీద రాసుకున్నారు. ఆ సంఖ్యలే వాటి చిరునామాలలోని చివరి సంఖ్యలు. సర్వర్ చిరునామా చివర 10. సరి సంఖ్యలన్నీ మొదటి తీగ మీద పోతున్నాయి, బేసి సంఖ్యలన్నీ రెండవ తీగ మీద. రెండవ తీగ చచ్చిపోయింది.

మరి ఆకుపచ్చ దీపం? ఆ దీపం స్విచ్‌కూ, దాని పక్కనే ఉన్న మార్పిడి పెట్టెకూ మధ్య ఉన్న రెండడుగుల తీగ బాగున్నదని చెబుతున్నది. ఆ పెట్టెకు అవతల భూమిలో ఫైబర్‌ను ఎలుక కొరికేసింది. పెట్టె ఆ సంగతి స్విచ్‌కు చెప్పలేదు. చెప్పే రకం పెట్టెలు కూడా ఉన్నాయి గాని, మావి చవకవి. నేను 'అనుకో' అని ఆజ్ఞాపించాను గనుక స్విచ్ అలాగే అనుకున్నది. సగం సంభాషణలను నాలుగు గంటలపాటు శ్రద్ధగా గోతిలో పోసింది. ఆ తీగను నేను చేతితో పీకేసిన మరుక్షణం బేసి యంత్రాలన్నీ మేలుకున్నాయి. నాలుగు గంటలు నేను చేయలేనిది ఒక్క తీగ పీకితే జరిగింది.

మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఈ షోలాపూరుకు వచ్చినవారు. సభలో సగం మంది సాంచా చప్పుడు మధ్య పెరిగినవారే. మా నాయన రెండు సాంచాలు నడిపేవాడు. నాడె అటూ ఇటూ పోతుండగా పేక పోగు తెగితే సాంచా దానంతటదే ఆగుతుంది. పేక ఉన్నదా లేదా అని తడిమి చూసే చిన్న ఇనుప ఫోర్కు ఒకటి దానిలో ఉంటుంది. ఆగితే కాసేపు నష్టం, కండె మార్చి మళ్ళీ నడిపిస్తారు. పడుగు పోగు తెగితే ఆ సాంచాలు ఆగేవి కావు. నేత సాగిపోతూనే ఉంటుంది, గుడ్డ పొడుగునా సన్నని గీత పడిపోతూ ఉంటుంది. కంటితో చూసి పట్టుకోవాలి. చూడటం ఆలస్యమైతే సేట్ ఆ గుడ్డ ధర కోస్తాడు. మా నాయన ఆగిన సాంచాను ఎన్నడూ తిట్టలేదు. ఆగనిదాని మీదనే ఆయన కన్నంతా. ఆసుపత్రిలో ఆ తెల్లవారుజామున నాకు ఆయనే గుర్తుకువచ్చాడు. నేను పేక ఫోర్కు లేని సాంచాను బిగించి వచ్చాను.

ఎల్ఏసీపీ ఆ ఫోర్కు వంటిది. కట్టలోని ప్రతి తీగ మీదా రెండు స్విచ్చులూ ఒకదానికొకటి చిన్న సందేశం పంపుకుంటూ ఉంటాయి. 'నేను ఫలానా స్విచ్‌ను, ఇది నా ఫలానా పోర్ట్, నీవు ఇలా ఉన్నావని నేను అనుకుంటున్నాను' అని. మామూలుగా 30 సెకన్లకు ఒకసారి. మూడు సందేశాల కాలం, అంటే 90 సెకన్లు, అవతలి నుంచి ఏమీ రాకపోతే ఆ తీగను కట్ట నుంచి తీసేస్తుంది, దీపం వెలుగుతున్నా సరే. వేగంగా కావాలంటే సెకనుకు ఒకటి పంపమనవచ్చు, అప్పుడు మూడు సెకన్లలోనే తేలిపోతుంది. ఎవరైనా తెలియక ఒక కేబుల్‌ను మూడవ స్విచ్‌లో గుచ్చినా, అవతల మాట్లాడుతున్నది వేరొకరని గుర్తించి కట్టలో చేర్చుకోదు. ఆజ్ఞాపించిన కట్టకు ఈ తెలివి ఏదీ ఉండదు. ఒక చివర కట్ట కట్టి రెండవ చివర కట్టటం మరచిపోతే ఇందాక చెప్పిన దండోరా ప్రమాదం కూడా రావచ్చు.

ఈ సందేశాలను మొదలుపెట్టే బాధ్యతకు రెండు వైఖరులున్నాయి. యాక్టివ్ అంటే తానే ముందు పలకరించేది. పాసివ్ అంటే ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పేది. రెండు చివరలా పాసివ్ పెడితే కట్ట ఏర్పడదు. ఇద్దరు వియ్యంకులు ఒకరు ముందు మాట్లాడాలని ఇంకొకరు బిగదీసుకుని కూర్చున్నట్లు. మన స్విచ్చులలో రెండు వైపులా యాక్టివ్ పెట్టాను.

ఇప్పుడు పని చేసిన క్రమం చెబుతాను. ఇది ముఖ్యంగా కంప్యూటర్ గది చూసుకునే ఉపాధ్యాయుల కోసం. మిగిలినవారు కాసేపు ఓర్చుకోవాలి. మొట్టమొదట రెండు స్విచ్చులలోనూ ఉన్న అమరికను ఒక ప్రతి తీసి దాచాను. తరువాత రెండు వైపులా 25, 26 సంఖ్యల ఫైబర్ పోర్టులను మూసివేశాను. మూసిన తలుపుల వెనకనే ఈ పని చేయాలి. తెరిచి ఉంచి చేస్తే ఒక చివర కట్ట, ఒక చివర విడి అన్న మధ్య స్థితిలో కాసేపు ఉండిపోతుంది. రెండు పోర్టుల వేగం ఒకటేనా, వాటి మీద నడిచే వీలాన్‌ల పట్టిక ఒకటేనా అని సరిచూశాను. వీలాన్ అంటే ఒకే తీగ మీద కార్యాలయాన్నీ, పిల్లల గదినీ వేర్వేరు వీధులుగా ఉంచే ఏర్పాటు. ఈ రెండింటిలో తేడా ఉంటే చాలా స్విచ్చులు ఆ పోర్టును కట్టలో చేర్చుకోవు. చేర్చుకోకపోవటమే మంచిది కూడా. ఆ పైన రెండు పోర్టులనూ కలిపి ఎంచుకుని 'ఛానెల్-గ్రూప్ 1 మోడ్ యాక్టివ్' అన్న ఆజ్ఞ ఇచ్చాను. ఆ 1 అనేది ఆ స్విచ్ సొంత లెక్క. రెండవ స్విచ్‌లో అది 5 అయినా నష్టం లేదు. అయినా రెండు చోట్లా 1 అనే పెట్టాను, రేపు చూసేవారు తికమక పడకూడదని. ఆజ్ఞ ఇవ్వగానే పోర్ట్-ఛానెల్ 1 అనే కొత్త పోర్ట్ ఒకటి పుడుతుంది. చేతితో ముట్టుకోవటానికి అది ఉండదు. కాని ఇకమీద ఏ మార్పు చేసినా దాని మీదనే చేయాలి. విడి పోర్టుల జోలికి వెళ్ళి ఒకదానిని మార్చి రెండవదానిని మరచిపోతే కట్ట విడిపోతుంది. సారులూ, ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి.

పంపకం లెక్కలో ఒక మెలిక ఉన్నది. స్విచ్ కొన్నప్పుడు ఆ లెక్క ఎలా ఉంటే అలాగే వదిలేసేవారు చాలామంది. కొన్ని స్విచ్చులు పంపేవారి యంత్రపు చిరునామాను మాత్రమే చూస్తాయి. మన సర్వర్ ఒక్కటి. దానిలోని పాఠాలనూ, స్కాన్ చేసిన పాత బడి సంచికలనూ కంప్యూటర్ గదిలోని 40 యంత్రాలు తెరుస్తాయి. ఎక్కువ బరువు పోయేది సర్వర్ నుంచి పిల్లల వైపు. ఆ దిశలో పంపేది ఎప్పుడూ సర్వరే గనుక, ఆ లెక్క ప్రకారం బరువంతా ఒకే తీగ మీద పడుతుంది, రెండవది ఖాళీగా ఉంటుంది. అందుకని పంపేవారు, అందుకునేవారు ఇద్దరి ఐపీ చిరునామాలనూ కలిపి చూసే లెక్క పెట్టాను. అప్పుడు 40 యంత్రాలు రెండు తీగల మీదికీ సర్దుకుంటాయి. సరిగ్గా సగం సగం అని నేను హామీ ఇవ్వను. వంతులు ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

రెండు వైపులా ఇది పూర్తయిన తరువాతనే పోర్టులు తెరిచాను. 'షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ' అని అడిగితే ప్రతి పోర్ట్ పక్కన ఒక అక్షరం కనిపిస్తుంది. పీ ఉంటే కట్టలో చేరినట్లు, ఐ ఉంటే విడిగా నిలిచినట్లు, డీ ఉంటే అసలు పడిపోయినట్లు. రెండు చోట్లా రెండేసి పీలు కనబడాలి. చివరగా అమరికను స్విచ్ శాశ్వత జ్ఞాపకంలోకి రాయాలి. దీనిని మరచిపోతే అప్పటికి అంతా బాగానే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక చేసిందంతా మాయమై ఉంటుంది. ఎందరో అనుభవజ్ఞులు ఇక్కడే జారిపడ్డారు. ఆ అనుభవజ్ఞులలో నేను లేనని చెప్పలేను.

మన ఏర్పాటులో మార్పిడి పెట్టెలు లేవు. ఫైబర్ నేరుగా స్విచ్‌లోకే వస్తుంది. అయినా ఎల్ఏసీపీయే పెట్టించాను. పదేళ్ళ తరువాత ఒక భాగం పాడైతే అందుబాటులో ఉన్నదేదో తెచ్చి అతికించే రోజు వస్తుంది. ఆ రోజు నేను ఇక్కడ ఉండను.

ఇక పెద్దాయన ప్రశ్నకు నేరుగా వస్తాను. డబ్బు ఎక్కువ పట్టింది కేబుల్‌కు కాదు, దారికి. రెండు కేబుళ్ళనూ ఒకే కందకంలో వేస్తే సగం ఖర్చుతో పోయేది. గుత్తేదారు అదే చెప్పాడు. మేము ఒప్పుకోలేదు. ఒకే గడ్డపార రెండింటినీ తెంపుతుంది, ఒకే ఎలుక రెండింటినీ కొరుకుతుంది. అందుకే ఒకటి మైదానం అంచున భూమిలో, రెండవది ప్రహరీగోడ మీదుగా ఇనుప గొట్టంలో, కొంచెం చుట్టుదారి అయినా, వేయించాము. మీరు చెల్లించింది ఆ చుట్టుదారికి.

దీనివల్ల కానిది కూడా చెప్పాలి. ఏ భవనంలో స్విచ్ చెడినా, అక్కడ కరెంటు పోయినా, రెండు తీగలుండి ప్రయోజనం లేదు. రెండు స్విచ్చులను ఒకటిగా నటింపజేసి, కట్టలోని తీగలను చెరొకదానిలో గుచ్చే ఏర్పాట్లు పెద్ద సంస్థలలో ఉన్నాయి. మన బడికి ఆ ఖర్చు తగదని నా అభిప్రాయం. దానికి బదులు ఒక స్విచ్‌ను కొని, ఇదే అమరిక ఎక్కించి, బీరువాలో ఉంచితే చాలు. అలాగే బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ ఒక్కటే లైను మీద వస్తున్నది. అది పోతే ఈ కట్ట దానిని తెప్పించలేదు. ఆ రోజుకు బడిలోని సర్వర్ మాత్రం పిల్లలకు అందుతుంది.

ఈ అమరిక మొత్తాన్ని తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసి ప్రధానోపాధ్యాయులవారికి అందజేశాను. ఏ పోర్ట్ ఎక్కడికి పోతుందో, ఏ దీపం ఏమి చెబుతుందో, ఏది చెప్పదో రాశాను. నెలకు ఒకసారి ఆ రెండు పీలను చూసి తేదీ వేసి సంతకం చేయటానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ముందుకు వచ్చారు. కట్టలో ఒక తీగ చచ్చినా బడి నడుస్తూనే ఉంటుంది గనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. రెండవది కూడా చచ్చేదాకా మనకు తెలియకుండా పోవచ్చు. కాబట్టి వారి సంతకాలు ఉన్నాయా లేవా అని సంఘంవారు అప్పుడప్పుడు అడుగుతూ ఉండాలి.

సభ ముగిసిన తరువాత కంప్యూటర్ గదికి రండి. 40 యంత్రాల మీదా మన బడి పాత నాటకాల వీడియో నడుస్తూ ఉంటుంది. ప్రశ్న అడిగిన పెద్దాయనను ముందుగానే బతిమాలుకున్నాను. ఆయన తన చేతితో ఒక ఫైబర్‌ను పీకుతారు, ఏది పీకాలో ఆయన ఇష్టం. ఒక క్షణం బొమ్మ ఆగి మళ్ళీ కదిలితే ఆశ్చర్యపోవద్దు. అసలే ఆగిపోతే నన్ను అక్కడే నిలదీయండి.